దొర బంగళాలో నేను చెప్పిన అబద్ధం

ఈ వ్యాసం రాయాలా వద్దా అని మూడు వారాలు తటపటాయించాను. హేతువాది ఎవరో ఒక బాబాని ఎలా నిలదీశాడో రాస్తే చదవడానికి బాగుంటుంది, రాయడానికి ఇంకా బాగుంటుంది. ఇది అలాంటిది కాదు. ఇందులో నిలదీసింది పదో తరగతి చదివే పిల్ల. దొరికిపోయింది నేను.

మాది వండూర్. దక్షిణ అండమాన్ పడమటి ఒడ్డున, పోర్ట్ బ్లెయిర్‌కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. (పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. నా నోటికి పాత పేరే అలవాటు, అదే రాస్తాను. తిట్టుకోకండి.) జాలీ బాయ్ దీవికి పడవ ఎక్కే టూరిస్టులకి మా జెట్టీ తెలుసు గానీ మా ఊరు తెలియదు. సైన్సు మాస్టారుగా వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయాను. మన సంఘం మీటింగులకి సముద్రం దాటి రావడం నా వల్ల అయ్యే పని కాదు కాబట్టి నెలకో ఆదివారం సాయంత్రం మా వరండాలోనే ఒక చిన్న మీటింగు పెట్టుకుంటాను. మీటింగంటే పెద్ద మాట. పది పదిహేను మంది వస్తారు, సగం పిల్లలు. అందరూ శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి తాతల కాలంలోనో తండ్రుల కాలంలోనో వచ్చినవాళ్ళ సంతానం. ఈ దీవుల్లో తెలుగు వినబడితే మెయిన్‌లాండ్ వాళ్ళు ఆశ్చర్యపోతారు గానీ, 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ నూటికి 13 మందికి పైగా తెలుగే మాతృభాష అని రాయించుకున్నారు.

ఆ మీటింగుల్లో నేను వాళ్ళకి పదేళ్ళుగా నేర్పింది ఒకటే ప్రశ్న. ఎవరేం చెప్పినా "మీకెలా తెలుసు?" అని అడగండి. గ్రహణానికి అన్నం పారబోయాలంటే, మీకెలా తెలుసు? తాయెత్తు కడితే జ్వరం తగ్గిందంటే, మీకెలా తెలుసు? పిల్లలకి ఈ ఆట ఎంత నచ్చిందంటే ఇళ్ళల్లో తల్లులు నా మీద ఫిర్యాదుకి వచ్చారు.

సరే, యాత్ర సంగతికొస్తాను.

"ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పడమేనా మాస్టారూ, ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అని పిల్లలు పట్టుబట్టారు. రాస్ దీవికి పోదామన్నాను. దానికీ పేరు మారింది, 2018 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. అక్కడ గుట్ట మీద చీఫ్ కమిషనర్ దొర బంగళా శిథిలం ఉంది, చూద్దాం, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఎలా బతికారో తెలుస్తుంది అన్నాను. "అక్కడ దయ్యాలుంటాయంట" అన్నాడొక కుర్రాడు. అయితే ఇంకా మంచిది అన్నాను.

మొన్న జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మొత్తం 22 మందిమి. టెంపో మాట్లాడుకున్నాం. పులిహోర, ఉడికించిన గుడ్లు, ఒక డ్రమ్ము నీళ్ళు. పిల్లలు కాక పెద్దవాళ్ళలో ముఖ్యంగా ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా ఎదురింటి పెద్దాయన, లాంచీల మీద సరంగుగా పనిచేసి రిటైరైనవాడు. రెండోది మేమంతా అప్ప అని పిలిచే ఆవిడ, చేపలమ్ముతుంది. అప్ప మీటింగులకి ఎప్పుడూ రాలేదు. ఆవిడ మనవరాలు వస్తుంది. ఈ కథలో ప్రశ్న అడిగిన పిల్ల ఆవిడ మనవరాలే. అప్ప యాత్రకి ఎందుకొస్తానందో నాకు అప్పుడు తెలియలేదు.

వండూర్ అన్న పేరు కూడా ఇక్కడిది కాదు. కేరళలో మలప్పురం జిల్లాలో ఒక వండూర్ ఉంది. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపిన మాపిళ్ళలు తమ ఊళ్ళ పేర్లు వెంట తెచ్చుకున్నారు. అందుకే మా చుట్టుపక్కల మంజేరి ఉంది, తిరూర్ ఉంది, కాలికట్ కూడా ఉంది. శిక్ష పడి వచ్చినవాళ్ళు వాళ్ళ ఊరి పేరు పెట్టుకున్నారు, శిక్ష వేసినవాళ్ళు వాళ్ళ సర్వేయర్ల పేర్లు పెట్టుకున్నారు. రాస్ అంటే డేనియల్ రాస్, బ్లెయిర్ అంటే ఆర్కిబాల్డ్ బ్లెయిర్. టెంపోలో ఈ సంగతి చెబితే పిల్లలకి భలే నచ్చింది.

సిప్పీఘాట్ దగ్గర టెంపో ఆపించాను. రోడ్డు పక్కన నీళ్ళు, నీళ్ళలో ఎండిపోయిన మోళ్ళు. ఒకప్పుడు ఇవన్నీ పొలాలు. 2004 డిసెంబరు 26 పొద్దున్న ఆరున్నర వేళ భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ నేలే సుమారు ఒక మీటరు కుంగిపోయింది. సునామీ నీళ్ళు వచ్చి వెనక్కిపోయాయి, ఉప్పునీళ్ళు మాత్రం ఉండిపోయాయి. ఎందుకంటే నేల సముద్ర మట్టం కిందికి దిగిపోయింది, ప్రతి పోటుకీ నీళ్ళు లోపలికి వస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి అన్నాను పిల్లలతో. మధ్యాహ్నం అవసరం వస్తుందని అప్పుడు నాకూ తెలియదు. అప్ప టెంపో దిగలేదు.

అబర్డీన్ జెట్టీ నుంచి రాస్‌కి పడవలో పది పదిహేను నిమిషాలు. దిగగానే జింకలు. దొరలు తెచ్చి వదిలినవాటి సంతతి. మా చిన్నపిల్లలకి యాత్ర అక్కడే పూర్తయింది, తర్వాత నేను చెప్పినవేవీ వాళ్ళ చెవికెక్కలేదు. మంచిదే అయింది.

రాస్ దీవి మూడో వంతు చదరపు కిలోమీటరు కూడా ఉండదు. 1858 నుంచి 1941 దాకా అండమాన్ మొత్తానికి రాజధాని అదే. అందులోనే చర్చి, బేకరీ, ప్రెస్సు, క్లబ్బు, ఈతకొలను, శ్మశానం. అన్నిటికంటే పైన, గాలి బాగా వీచే చోట చీఫ్ కమిషనర్ ఇల్లు. ఇప్పుడు పైకప్పు లేదు. గోడలున్నాయి, గోడల్ని మర్రి జాతి చెట్ల వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల గోడ చెట్టుని మోస్తోందో, చెట్టు గోడని మోస్తోందో చెప్పలేం. మా సరంగు పెద్దాయన ఒక వేరుని తట్టి చూసి, "ఇది తాడు కంటే గట్టి, దీన్ని తీస్తే గోడ పడిపోద్ది" అన్నాడు.

ఇంగ్లండులో ఇలాంటి ఇళ్ళు వందలున్నాయి. ఆదివారం పూట కుటుంబాలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, దొర పడగ్గది, దొరసాని పింగాణీ చూసి, టీ తాగి వస్తారు. మన సొత్తు కూడా అక్కడ కనిపిస్తుంది. వేల్స్‌లో పోవిస్ కోటకి వెళితే క్లైవ్ కుటుంబం చేతికి వచ్చిన టిప్పు సుల్తాన్ డేరా చూడొచ్చు. చాలాకాలం అక్కడ చెప్పిన కథల్లో ఆ ఇళ్ళకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది పెద్దగా ఉండేది కాదు. 2020 సెప్టెంబరులో అక్కడి నేషనల్ ట్రస్ట్ తన అధీనంలో ఉన్న 93 స్థలాలకి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని ఒక నివేదిక వేస్తే పెద్ద గొడవే అయింది. గొడవ చేసినవాళ్ళ బాధ ఏమిటంటే, హాయిగా ఇల్లు చూడ్డానికి వస్తే లెక్కలు చెబుతారేమిటని.

నేను రాస్‌లో లెక్కలే చెప్పాను. బంగళా మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి, కాగితం తీయమన్నాను. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. తర్వాత ఇంకా ఓడలొచ్చాయి. జూన్ 16 నాటికి దిగినవాళ్ళు మొత్తం 773. రాసుకోండి. ఆసుపత్రిలో చచ్చిపోయినవాళ్ళు 64. పారిపోయి మళ్ళీ దొరకనివాళ్ళు 140. పారిపోబోయినందుకు ఉరితీసినవాళ్ళు 87. ఆత్మహత్య ఒకటి. తీసెయ్యండి.

"481" అంది అప్ప మనవరాలు అందరికంటే ముందు. తర్వాత కాసేపాగి, "వంద రోజులు కూడా కాలేదు కదా మాస్టారూ" అంది.

కాలేదు. 98 రోజులు. మిగిలిన 481 మంది ఆ దీవి మీద అడవి కొట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు గోడలు కట్టారు. ఇళ్ళు లేచాక దొరల ఇళ్ళల్లో వంటవాళ్ళు, పంకా లాగేవాళ్ళు, పడవ తోసేవాళ్ళు కూడా ఖైదీలే. హత్య చేసి శిక్ష పడ్డవాడు దొర పిల్లల్ని ఎత్తుకుని తిప్పిన ఇళ్ళివి. 1863లో ఇదే దీవి మీద అండమానీయుల కోసం ఒక 'హోమ్' పెట్టారు, నాగరికత నేర్పడానికట. బయటివాళ్ళ రాకతో పాటు వచ్చిన జబ్బులు, 1877లో పొంగు, వాళ్ళని తుడిచిపెట్టేశాయి. వేలల్లో ఉండిన గ్రేట్ అండమానీయులు ఇప్పుడు పదుల్లో ఉన్నారు. ఇవన్నీ చెప్పాను. ఇక్కడిదాకా నేను చెప్పింది ప్రతిదీ పుస్తకం చూసి చెప్పిందే.

దయ్యాల కుర్రాడు గదులన్నీ వెతికి వచ్చి నిరాశపడ్డాడు. ఆ 87 మంది సంగతి విన్నాక మళ్ళీ ఆశపడ్డాడు.

భోజనాలయ్యాక దీవి తూర్పు కొసకి వెళ్ళాం, సముద్రం వైపు. అక్కడ వేరే గుంపుతో ఒక గైడ్ ఉన్నాడు. హిందీలో చెబుతున్నాడు. 2004లో సునామీ వచ్చినప్పుడు ఈ దీవి అడ్డంగా నిలబడి దెబ్బంతా తన మీద వేసుకుందట, పోర్ట్ బ్లెయిర్‌ని కాపాడిందట. ఈ మాట ఇక్కడ చాలామంది చెబుతారు, చదువుకున్నవాళ్ళు కూడా. ఆ గుంపులో కొందరు వంగి నేలకి దణ్ణం పెట్టారు. మావాళ్ళలో సరంగు పెద్దాయన కూడా చేతులు జోడించాడు. అప్ప మాత్రం కదలకుండా నిలబడి సముద్రం వైపు చూస్తోంది.

నాకు నాలుక దురద. ఆ గైడ్‌తో వాదనకి దిగలేదు, అతని పొట్టకూడు అది. మావాళ్ళని పక్కకి తీసుకొచ్చి చెప్పాను. మామూలు కెరటం చిన్నది, రాయి అడ్డం వస్తే రాయి వెనక నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. సునామీ అలా కాదు. ఒడ్డుకి దగ్గరగా వచ్చాక కూడా ఒక అల శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పది ఇరవై కిలోమీటర్లుంటుంది. అంత పొడవాటి అలకి ఈ దీవి గులకరాయి. చుట్టూ తిరిగి వెనక కలుసుకుంటుంది. 1992 డిసెంబరు 12న ఇండోనేషియాలో ఫ్లోరెస్ దగ్గర సునామీ వచ్చినప్పుడు బాబీ అనే గుండ్రటి దీవి, అడ్డంగా సుమారు రెండు కిలోమీటర్లు, అల ఉత్తరం నుంచి వచ్చింది. కొట్టుకుపోయిన ఊళ్ళు దక్షిణాన, దీవి చాటున ఉన్నవి. అల రెండు వైపుల నుంచీ చుట్టుకొచ్చి వెనక కలిసింది.

మరి పోర్ట్ బ్లెయిర్ ఎలా బతికింది? పూర్తిగా బతకలేదు. పల్లపు చోట్లకి నీళ్ళొచ్చాయి, జెట్టీలు దెబ్బతిన్నాయి, పొద్దున సిప్పీఘాట్‌లో చూశారు కదా, నేలే కుంగింది. మిగతాది భూమి లోపలి సంగతి. చీలిక సుమత్రా దగ్గర మొదలై ఉత్తరంగా 1300 కిలోమీటర్ల దాకా పాకింది. దక్షిణాన, సుమత్రా, నికోబార్ వైపు పొరలు ఎక్కువ జరిగాయి. మా వైపు వచ్చేసరికి తక్కువ జరిగాయి. అక్కడ అల పెద్దది, ఇక్కడ చిన్నది. దానికి తోడు కార్ నికోబార్ చదును, ఎక్కడానికి గుట్ట లేదు, ఊళ్ళన్నీ ఒడ్డునే. ఈ దీవుల మొత్తానికి చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు మూడున్నర వేల పైచిలుకైతే, అందులో అత్యధికులు నికోబార్ వాళ్ళే.

అప్పుడు అప్ప నోరు విప్పింది.

"అయితే మాస్టారూ, ఈ దీవి ఎవుల్నీ కాపాడనేదా?"

"లేదప్పా."

"ఈ ఊరోళ్ళ పున్నెం కాదా?"

"కాదప్పా. రాళ్ళు జరిగిన లెక్క."

"మరి నా కొడుకు పాపం కూడా కాదన్నమాట."

ఆవిడ పెద్దకొడుకు కట్టడం పనికి కార్ నికోబార్ వెళ్ళి తిరిగి రాలేదని నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఈ దీవి కథ విన్నప్పుడల్లా లోపల ఏమనుకుంటోందో. పోర్ట్ బ్లెయిర్ వాళ్ళకి ఒక దీవి అడ్డం నిలబడిందంటే, మరి తన కొడుక్కి ఏదీ ఎందుకు అడ్డం రాలేదు? వాడేం చేశాడు? లేకపోతే తనేం చేసింది? వాడు పోయే ముందు ఏడు అమ్మవారి మొక్కు ఒకటి బాకీ పెట్టిందట. ఆ దీవిని కళ్ళతో చూద్దామనే యాత్రకి వచ్చింది. ఇదంతా తిరుగు ప్రయాణంలో మనవరాలు నాకు చెప్పింది.

దణ్ణాలు, దీపాలు ఎవరికీ హాని చెయ్యవు, వదిలెయ్యండి అని నాతో చెప్పే స్నేహితులున్నారు. నేనూ ఈమధ్య కొంచెం మెత్తబడ్డాను. కాపాడిన కథ విన్నప్పుడు కాపాడబడనివాళ్ళు కూడా పక్కన నిలబడి వింటూ ఉంటారని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది. కానీ నాకు పొంగు వచ్చింది. ఇరవై మంది నా నోటి వైపే చూస్తున్నారు. పడవకి ఇంకా అరగంట టైముంది. మళ్ళీ బంగళా మెట్ల దగ్గరికి చేరాం. సరంగు పెద్దాయన అడిగాడు: "ఇందులో మనోళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ? సెల్యులార్ జైలుకి పోతే అన్నీ బెంగాలీ పేర్లు, పంజాబీ పేర్లే గదా."

ఉన్నారన్నాను. గోదావరి ఏజెన్సీలో 1879లో లేచిన రంప పితూరీలో పట్టుబడ్డవాళ్ళలో చాలామందిని అండమాన్ పంపారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కొందరినీ పంపారు. ఇది నిజం. ఇక్కడ ఆగాలి. ఆగలేదు. "ఈ మెట్లున్నాయే, ఈ రాళ్ళు మోసింది మన రంప కొండవాళ్ళే. మోస్తూ గోదావరి పాటలు పాడుకునేవాళ్ళు" అన్నాను.

ఆ ముక్క నేనెక్కడా చదవలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. అక్కడికక్కడ, నిలబడ్డ చోట నా నోట్లో పుట్టింది. పాటల సంగతి అన్నప్పుడు నా గొంతు వణికింది కూడా. అబద్ధం చెబుతున్నానని ఆ నిమిషంలో నాకనిపించలేదు, అదే నన్ను ఇప్పటికీ భయపెట్టేది. ఎంత బాగుందీ ముక్క అనిపించింది, అంతే.

సరంగు పెద్దాయన చెప్పులు విడిచాడు. మెట్టుని తాకి కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరు ముగ్గురు అలాగే చేశారు. దయ్యాల కుర్రాడు రాలిపడిన ఇటుక ముక్కొకటి జేబులో వేసుకున్నాడు. (అక్కడి నుంచి ఏమీ తీసుకురాకూడదు. అది కూడా నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.)

అప్ప మనవరాలు కాగితం మీద రాసుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది: "మీకెలా తెలుసు మాస్టారూ?"

"పుస్తకాల్లో ఉందమ్మా" అన్నాను.

"ఏ పుస్తకం?"

"ఇంటికెళ్ళాక చెబుతాలే. పడవ టైమైంది, పదండి."

పడవ రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసి, కాగితం మడిచి పెట్టుకుంది. నేను ఎంతమందిని ఆ ప్రశ్న అడిగానో, వాళ్ళు "పెద్దవాళ్ళు చెప్పారు", "గ్రంథాల్లో ఉంది" అంటే ఎలా నవ్వానో అంతా పడవలో గుర్తొచ్చింది. ఆ బాబాలు కూడా మొదట్లో అబద్ధం చెప్పాలని కూర్చుని ఉండకపోవచ్చు. ఎదురుగా ఇరవై మొహాలు, మనసులో కొంచెం ప్రేమ, కొంచెం పొంగు. నాకు అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

నాలుగు రోజుల తర్వాత సరంగు ఇంటికి వెళ్ళాను, ఏదో పనిమీద. దేవుడి అరమరలో పటాల పక్కన ఆ ఇటుక ముక్క ఉంది. కుర్రాడి దగ్గర అడిగి తీసుకున్నాడట. కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఒకే ఒక్క మధ్యాహ్నంలో, నలభై ఏళ్ళు హేతువాదిగా బతికినవాణ్ణి, ఈ ఊళ్ళోకి ఒక కొత్త పూజా వస్తువుని తెచ్చాను.

తర్వాతి మీటింగు కోసం నెల ఆగలేదు. ఆ ఆదివారమే అందరినీ రమ్మన్నాను. ఈసారి అప్ప కూడా వచ్చింది. చెప్పేశాను. రంప వాళ్ళని అండమాన్ పంపడం నిజం, ఆ మెట్ల మాట, పాటల మాట నేను కల్పించినవి, ఏ పుస్తకమూ లేదు, ఉందని చెప్పడం రెండో అబద్ధం.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సరంగు పెద్దాయన నవ్వేశాడు. "పోన్లెండి మాస్టారూ, మంచి మాటే గదా సెప్పారు. ఎవరో ఒకరు మోసేరు గదా ఆ రాళ్ళు. ముక్క ఉంచుతాను" అన్నాడు. నాకు జవాబు లేదు. మోసినవాళ్ళు ఉన్నారు, కష్టం నిజం. ఆ నిజానికి నేను తగిలించిన పేరే అబద్ధం. ఆ ముక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్ప ఊరుకోలేదు.

"అయితే మాస్టారూ, ఆ సునామీ ముక్క కూడా అలగే సెప్పినారా? నేను బాధపడతన్నానని?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ఊహించి ఉండాల్సింది. ఊహించలేదు. ఒక చిన్న కల్పన చేసి, ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. అది పక్కనున్న నిజాన్ని కూడా నాశనం చేసి పెట్టింది. ఆవిడ ఇరవై ఏళ్ళ బరువు దించుకుని నాలుగు రోజులైంది, నేనే మళ్ళీ ఎత్తి నెత్తిన పెట్టాను. ఇప్పుడు "లేదప్పా, అది నిజం" అంటే ఆవిడెందుకు నమ్మాలి? నేనైతే నమ్మను.

"నా మాట నమ్మకప్పా. నీ చేపల టబ్బు తీసుకురా" అన్నాను.

పెద్ద ప్లాస్టిక్ టబ్బు, పొడవాటిది. సగం నీళ్ళు పోయించాను. పైన ఊక చల్లించాను, నీళ్ళు కదిలితే కనబడేలా. మొదట ఒక వెడల్పాటి పెంకు నిలబెట్టి, ఈ చివర వేలితో టకటకా కొట్టమన్నాను. చిన్న చిన్న అలలు పెంకుకి కొట్టుకున్నాయి, వెనక ఊక దాదాపు కదల్లేదు. "ఇదిగో, గైడ్ చెప్పింది ఇదే, దీవి కాపాడుతోంది" అన్నాను. తర్వాత పెంకు తీసేసి చిన్న గులకరాయి పెట్టి, ఈ చివర పీటచెక్కతో నీళ్ళని మెల్లగా, వెడల్పుగా ఒక్క తోపు తొయ్యమన్నాను. నీళ్ళు మొత్తంగా లేచాయి, రాయికి అటూ ఇటూ చుట్టుకుని వెనక కలిశాయి. రాయి వెనక ఊక ముందు ఊకతో సమానంగా లేచి పడింది.

"మాస్టారు తొయ్యలేదు కదా, నువ్వే తోశావు" అంది మనవరాలు.

అప్ప ఏమీ అనలేదు. చెక్క మళ్ళీ తీసుకుంది. ఈసారి గులకరాయిని ఇంకో చోట పెట్టి తోసింది. తర్వాత రెండు రాళ్ళు పక్కపక్కన పెట్టి తోసింది. తర్వాత పెంకు పెట్టి కూడా చెక్కతోనే తోసింది, అది నేను చెప్పలేదు. పెంకు వెనక నీళ్ళు కొంచెం ఆలస్యంగా లేచాయి, కానీ లేచాయి. సరంగు పెద్దాయన కూడా వంగి చూడ్డం మొదలుపెట్టాడు. లాంచీ మీద బతికినవాడు, నీళ్ళ సంగతి నాకంటే బాగా తెలుసు. "జెట్టీ స్తంభాల దగ్గర ఉబ్బు ఇలగే తిరుగుతాది" అన్నాడు తనలో తను.

చీకటి పడింది. మిగతావాళ్ళు లేచి వెళ్ళారు. అప్ప మాత్రం టబ్బు దగ్గరే కూర్చుంది. కాసేపటికి మనవరాల్ని పిలిచి, "ఆ దీవి పేరేటన్నారు, ఇండోనేసియాలోది? అది కాయితమ్మీద రాయి. సెల్లులో సూపించు నాకు" అంది.

ఆ పిల్ల రాసింది. రాసి, కింద ఇంకో గీత గీసి నా వైపు తిరిగింది. "ఇది ఏ పుస్తకంలో ఉంది మాస్టారూ? పేజీ నంబరు కూడా చెప్పండి" అంది.

లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఇచ్చాను.